బాంబు చేయలేదు, దారి మూయలేదు: హోమీ భాభా జీవితం

1966 జనవరి 24వ తేదీ ఉదయం బొంబాయి నుంచి ఢిల్లీ, బీరూట్‌ల మీదుగా జెనీవా వైపు వెళుతున్న ఎయిర్ ఇండియా బోయింగ్ 707 విమానం కాంచనజంగ ఆల్ప్స్ పర్వతశ్రేణిలోని మౌంట్ బ్లాంక్ శిఖర సమీపంలో కూలిపోయింది. విమానంలో ఉన్న 117 మందిలో ఒక్కరూ బతకలేదు. మృతుల జాబితాలో భారత అణుశక్తి సంఘం అధ్యక్షుడు డాక్టర్ హోమీ జహంగీర్ భాభా పేరు ఉంది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ శాస్త్ర సలహా సంఘ సమావేశంలో పాల్గొనడానికి ఆయన వియన్నా వెళుతున్నారు. వయస్సు 56 సంవత్సరాలు.

శ్రీమతి ఇందిరాగాంధీ ప్రధానమంత్రిగా ప్రమాణ స్వీకారం చేసింది కూడా ఆ రోజే. అంతకు 13 రోజుల ముందు లాల్ బహదూర్ శాస్త్రి తాష్కెంట్‌లో కన్నుమూశారు. భూగర్భ అణు విస్ఫోటనానికి సంబంధించిన ప్రాథమిక కృషికి అనుమతి ఇచ్చిన ప్రధానమంత్రి, ఆ అనుమతి పొందిన శాస్త్రవేత్త రెండు వారాల వ్యవధిలో నిష్క్రమించారు. వారిద్దరి మధ్య కుదిరిన అవగాహన పూర్తిగా తెలిసినవారు దేశంలో బహు కొద్దిమంది.

అణ్వస్త్రాన్ని తయారు చేయకుండా, అలాగని ఎన్నటికీ చేయబోమని ఎవరికీ రాసి ఇవ్వకుండా, చేయగల శక్తిని మాత్రం సమకూర్చుకుంటూ పోవడం 1998 దాకా భారతదేశం అనుసరించిన విధానం. పార్లమెంటులో చర్చించి, ఓటు వేసి తీసుకున్న నిర్ణయం కాదది. ఆ విధానానికి రాజకీయంగా అండ నెహ్రూదైతే, రూపకల్పన భాభాది. ఆయన జీవితాన్ని పరిశీలిస్తే, ఒక దేశ భద్రతకు సంబంధించిన అత్యంత కీలకమైన అంశం ఎంత తక్కువమంది చేతుల్లో రూపుదిద్దుకున్నదో అర్థమవుతుంది.

కేంబ్రిడ్జి నుంచి బెంగుళూరుకు

భాభా 1909 అక్టోబర్ 30న బొంబాయిలో సంపన్న పార్శీ కుటుంబంలో జన్మించారు. తండ్రి జహంగీర్ హోర్ముస్జీ భాభా న్యాయవాది. తాత మైసూరు సంస్థానంలో విద్యాశాఖ ఉన్నతాధికారిగా పనిచేశారు. మేనత్త మెహర్‌బాయి సర్ దొరాబ్జీ టాటా సతీమణి. టాటాలతో గల ఈ బంధుత్వం తర్వాతి కాలంలో భారత విజ్ఞానశాస్త్ర చరిత్రనే ఒక మలుపు తిప్పింది.

కుమారుడు కేంబ్రిడ్జిలో మెకానికల్ ఇంజినీరింగు చదివి జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో చేరాలన్నది తండ్రి ఉద్దేశం. 1927లో అక్కడకు వెళ్లిన భాభాకు ఏడాది తిరక్కుండానే భౌతికశాస్త్రంపై మనసు మళ్లింది. ఇంజినీరింగులో ప్రథమ శ్రేణి తెచ్చుకుంటే గణితం చదవడానికి డబ్బు పంపుతానని తండ్రి షరతు పెట్టారు. 1930లో ప్రథమ శ్రేణి వచ్చింది. తండ్రి మాట నిలుపుకున్నారు.

అప్పట్లో కేంబ్రిడ్జి కావెండిష్ ప్రయోగశాల అణు భౌతికశాస్త్రానికి పుట్టినిల్లు. న్యూట్రాన్‌ను చాడ్విక్ అక్కడే 1932లో కనుగొన్నారు. ఆ వాతావరణంలో పరిశోధన సాగించి 1935లో డాక్టరేటు పొందిన భాభా, ఎలక్ట్రాన్, పాజిట్రాన్ కణాలు ఒకదానితో ఒకటి ఢీకొని చెదరడాన్ని లెక్కగట్టారు. ఆ ప్రక్రియను భౌతికశాస్త్రవేత్తలు నేటికీ భాభా స్కాటరింగ్ అనే పిలుస్తారు. విశ్వకిరణాలు వాతావరణంలో ప్రవేశించి కణాల జల్లుగా మారే తీరును 1937లో వాల్టర్ హైట్లర్‌తో కలిసి వివరించారు. సైద్ధాంతిక భౌతికశాస్త్రంలో ఇంకేమీ చేయకపోయినా ఈ రెండింటితోనే ఆయన పేరు నిలిచి ఉండేది.

1939లో సెలవులకు స్వదేశం వచ్చిన భాభా, రెండో ప్రపంచ యుద్ధం మొదలుకావడంతో తిరిగి వెళ్లలేకపోయారు. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో సర్ సి.వి. రామన్ నేతృత్వంలోని భౌతికశాస్త్ర విభాగంలో రీడర్‌గా చేరి, టాటా ధర్మనిధి సాయంతో విశ్వకిరణ పరిశోధన విభాగాన్ని నెలకొల్పారు. 1941లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది. ఒక పట్టాన ఎవరినీ మెచ్చుకోని రామన్ ఆయనను లియొనార్డో డావిన్సీతో పోల్చారు. చిత్రలేఖనం, పాశ్చాత్య సంగీతం, భవన నిర్మాణం, తోటల పెంపకం అన్నింటా భాభాకు ప్రవేశం ఉండడమే ఈ పోలికకు కారణం. ఆయన పెళ్లి చేసుకోలేదు.

యుద్ధం ముగిస్తే కేంబ్రిడ్జికే వెళ్లాలన్న ఆలోచన బెంగుళూరులో గడిపిన ఐదారేళ్లలో క్రమంగా మారింది. 1944 మార్చి 12న సర్ దొరాబ్జీ టాటా ధర్మనిధి అధ్యక్షుడు సర్ సొరాబ్జీ సక్లాత్‌వాలాకు ఆయన ఒక లేఖ రాశారు. మౌలిక భౌతికశాస్త్ర పరిశోధనకు ఒక సంస్థ కావాలని అందులో కోరారు. మరో రెండు దశాబ్దాల్లో అణుశక్తితో విద్యుత్తు ఉత్పత్తి చేసే రోజు వచ్చినప్పుడు నిపుణుల కోసం భారతదేశం విదేశాల వైపు చూడవలసిన అవసరం ఉండకూడదని వాదించారు. హిరోషిమాపై బాంబు పడటానికి ఇంకా 17 నెలల వ్యవధి ఉంది. అమెరికాలో జరుగుతున్న రహస్య కృషి గురించి బయటి ప్రపంచానికి తెలియని రోజులవి.

టాటా మౌలిక పరిశోధన సంస్థ 1945లో బెంగుళూరులో ప్రారంభమై, ఆ ఏడాది చివరికే బొంబాయి పెడ్డర్ రోడ్డులోని కెనిల్వర్త్ అనే బంగళాకు తరలింది. ఆ బంగళా భాభా బంధువులదే. ఆయన పుట్టినదీ అక్కడే. మొదటి ఏడాది బడ్జెట్ రూ. 80 వేలు.

మూడు మాటల చట్టం, ముగ్గురు సభ్యుల సంఘం

స్వాతంత్ర్యం వచ్చిన ఎనిమిది నెలలకే, 1948 ఏప్రిల్ 6న అణుశక్తి బిల్లును నెహ్రూ రాజ్యాంగ సభలో ప్రవేశపెట్టారు. ఈ చట్టం సారాంశాన్ని మూడు మాటల్లో చెప్పవచ్చు: ప్రభుత్వ గుత్తాధిపత్యం, కేంద్రీకరణ, గోప్యత. దేశ విభజన మంటలు ఆరని ఆ రోజుల్లో ఈ బిల్లును పట్టించుకున్న సభ్యులు తక్కువ. అయితే మైసూరు నుంచి వచ్చిన ఎస్.వి. కృష్ణమూర్తిరావు ఒక సూటి ప్రశ్న వేశారు. బ్రిటన్ చట్టంలో గోప్యత రక్షణ సంబంధమైన పరిశోధనకే పరిమితం కాగా, శాంతియుత ప్రయోజనాలే లక్ష్యమని చెబుతున్న భారతదేశంలో సమస్త పరిశోధననూ రహస్యంగా ఉంచడం దేనికని ఆయన నిలదీశారు. అణుశక్తిలో శాంతికి ఉపయోగపడేదేదో యుద్ధానికి ఉపయోగపడేదేదో వేరుచేసి చూపడం ఎలాగో తనకు తెలియడం లేదని నెహ్రూ అంగీకరించవలసి వచ్చింది.

అంత నిజాయితీగల సమాధానం ఆ తర్వాతి ప్రభుత్వాల నుంచి వెలువడిన దాఖలాలు అరుదు. ఆ సమాధానంలోని ఇబ్బందే భాభా జీవితమంతా ఆయన వెంట నడిచింది.

ఆ నెల 26న భాభా నెహ్రూకు ఒక నోట్ సమర్పించారు. అణుశక్తి కార్యక్రమాన్ని అతి కొద్దిమందితో కూడిన, ప్రధానమంత్రికి మాత్రమే జవాబుదారీగా ఉండే సంఘానికి అప్పగించాలని సూచించారు. 1948 ఆగస్టు 10న అణుశక్తి సంఘం ఏర్పడింది. భాభా అధ్యక్షుడు, కె.ఎస్. కృష్ణన్, శాంతిస్వరూప్ భట్నాగర్ సభ్యులు. 1954 ఆగస్టులో అణుశక్తి శాఖ ఏర్పడినప్పుడు దానికి కార్యదర్శి కూడా భాభాయే. ఆ శాఖ ప్రధాన కార్యాలయం ఢిల్లీలో గాక బొంబాయిలో ఉండడం మరో విశేషం. సచివాలయ గుమాస్తాల చేతుల్లో ఫైళ్లు నలగకుండా నేరుగా ప్రధానమంత్రితో మాట్లాడే అధికారం ఆయనకు దక్కింది. నెహ్రూకు రాసే లేఖల్లో ఆయనను భాయి అని సంబోధించే చనువు భాభాకు ఉండేది.

ఈ ఏర్పాటును అందరూ హర్షించలేదు. కలకత్తాలో అణు భౌతికశాస్త్ర సంస్థను నెలకొల్పిన మేఘనాథ్ సాహా దీన్ని తీవ్రంగా వ్యతిరేకించారు. పరిశ్రమలు, విశ్వవిద్యాలయాల పునాది గట్టిపడకుండా, అంతా ఒకే కేంద్రంలో, ఒకే వ్యక్తి చుట్టూ పోగుపడడం మంచిది కాదన్నది ఆయన వాదన. లోక్‌సభ సభ్యుడిగా ఎన్నికై 1954 మేలో ఈ అంశంపై సభలో చర్చ కూడా జరిపించారు. 1956 ఫిబ్రవరిలో ఆయన మరణంతో ఆ గొంతు ఆగిపోయింది. టాటా సంస్థలోనే పనిచేసిన గణితవేత్త, చరిత్రకారుడు డి.డి. కోశాంబి అణువిద్యుత్తు కంటే సౌరశక్తి మీద దృష్టి పెట్టడం దేశానికి మేలని వాదించేవారు. 1962లో సంస్థలో ఆయన ఉద్యోగ కాలాన్ని పొడిగించలేదు. మన దేశంలో సౌర విద్యుత్తు స్థాపిత సామర్థ్యం అణు విద్యుత్తును ఎన్నో రెట్లు దాటిపోయిన ఈ రోజుల్లో కోశాంబి మాట గుర్తు చేసుకోవలసిందే.

సైరస్ సంగతి

ఆసియాలోనే తొలి పరిశోధక రియాక్టర్లలో ఒకటైన అప్సర 1956 ఆగస్టు 4న ట్రాంబేలో పనిచేయడం ప్రారంభించింది. ఇంధనం బ్రిటన్ ఇచ్చినదైనా నిర్మాణం భారతీయులది. నియంత్రణ పరికరాలను రూపొందించిన ఎలక్ట్రానిక్స్ బృందానికి నాయకుడు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లుకు చెందిన అయ్యగారి సాంబశివరావు. ఆ బృందం కృషే 1967లో హైదరాబాద్‌లో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్.కు మూలం.

అయితే జాతీయ భద్రత దృష్ట్యా అసలు ప్రాముఖ్యం అప్సరది కాదు, పక్కనే వెలసిన సైరస్‌ది. 1956 ఏప్రిల్‌లో కుదిరిన ఒప్పందం మేరకు కెనడా ఈ 40 మెగావాట్ల రియాక్టర్‌ను సమకూర్చింది. సుమారు 20 టన్నుల భారజలాన్ని అమెరికా సరఫరా చేసింది. శాంతియుత ప్రయోజనాలకే వాడతామని భారత్ హామీ ఇచ్చింది. ఆ హామీ అమలవుతున్నదో లేదో వచ్చి చూసే అధికారం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. రియాక్టర్ 1960 జూలై 10న పనిచేయడం ప్రారంభించింది.

సైరస్‌లో శుద్ధి చేయని సహజ యురేనియమే ఇంధనం. న్యూట్రాన్ల తాకిడికి ఆ యురేనియంలో కొంత భాగం ప్లుటోనియంగా మారుతుంది. ఇంధన కడ్డీలను ఎక్కువకాలం మండించకుండా త్వరగా బయటకు తీస్తే వాటిలోని ప్లుటోనియం బాంబుకు అనువుగా ఉంటుంది. దాన్ని కడ్డీలోని ఇతర పదార్థాల నుంచి రసాయనిక ప్రక్రియతో వేరు చేయాలి. ఇది రియాక్టర్ కంటే కష్టమైన, ప్రమాదకరమైన పని. సైరస్ పూర్తికాక ముందే భాభా ఈ పనికీ పూనుకున్నారు. హోమీ సేత్నా ఆధ్వర్యాన ట్రాంబేలో నిర్మించిన ప్లుటోనియం కర్మాగారం 1964 మధ్యలో పని ప్రారంభించింది. 1965 జనవరి 22న ప్రధాని శాస్త్రి దాన్ని లాంఛనంగా ప్రారంభించారు.

ఇదంతా బాంబు కోసమేనా అంటే, కాదని చెప్పడానికి భాభా వద్ద పటిష్ఠమైన వాదన ఉంది. భారతదేశంలో యురేనియం నిల్వలు స్వల్పం. థోరియం నిల్వలు అపారం; కేరళ నుంచి మన కళింగాంధ్ర తీరం దాకా సముద్రపు ఇసుకలో అది దొరుకుతుంది. కాని థోరియం నేరుగా మండదు. మొదట యురేనియం రియాక్టర్లు నిర్మించి, వాటిలో పుట్టిన ప్లుటోనియంతో రెండో దశ రియాక్టర్లు నడిపి, వాటి ద్వారా మూడో దశలో థోరియంను వినియోగంలోకి తేవాలన్నది 1954లో ఆయన ప్రతిపాదించిన మూడు అంచెల పథకం. ఈ పథకంలో ప్లుటోనియం వేరుచేయడం తప్పనిసరి మెట్టు. విద్యుత్తుకు కావలసినదీ బాంబుకు కావలసినదీ ఒకే పదార్థం కావడంతో, ఒక దాని కోసం చేసిన పని రెండో దానికీ సిద్ధంగా ఉంటుంది. 1948లో నెహ్రూ చెప్పిన ఇబ్బంది ఇదే.

అంతర్జాతీయ వేదికలపై భాభా వైఖరి కూడా దీనికి తగినట్లే ఉండేది. 1955 ఆగస్టులో జెనీవాలో జరిగిన ఐక్యరాజ్య సమితి అణుశక్తి సదస్సుకు ఆయన అధ్యక్షత వహించారు. రెండు దశాబ్దాల్లో సంలీన ప్రక్రియ ద్వారా విద్యుత్తు లభిస్తుందని అక్కడ ఆయన చెప్పిన జోస్యం నేటికీ ఫలించలేదు. స్వదేశంలో 1980 నాటికి 8,000 మెగావాట్ల అణువిద్యుత్తు అన్న అంచనా కూడా అంతే. ఆ ఏటికి దేశం అందులో పదో వంతును కూడా అందుకోలేదు. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నియమావళిని రూపొందిస్తున్నప్పుడు, కఠినమైన తనిఖీలను భాభా గట్టిగా ప్రతిఘటించారు. బాంబులున్న దేశాలకు వర్తించని నిఘా, అభివృద్ధి చెందుతున్న దేశాలపైనే మోపడం న్యాయం కాదన్నది ఆయన వాదన. ఆ వాదనలో పస ఉంది. సైరస్‌కు తనిఖీలు లేకపోవడం వల్ల భారత్‌కు కలిగిన వెసులుబాటు కూడా అంతే నిజం.

నెహ్రూ అంతరంగం గురించి ఒక కథనం ప్రచారంలో ఉంది. 1960లో వెస్టింగ్‌హౌస్ కంపెనీ తరఫున ఢిల్లీ వచ్చిన అమెరికా మాజీ సైనికాధికారి కెనెత్ నికోల్స్, తన సమక్షంలోనే నెహ్రూ బాంబు తయారీకి ఎంతకాలం పడుతుందని భాభాను అడిగారనీ, ఏడాది చాలునని భాభా బదులిచ్చారనీ, తాను చెప్పేదాకా ఆ పని చేయవద్దని నెహ్రూ ఆదేశించారనీ తన జ్ఞాపకాల్లో రాశారు. ముగ్గురున్న గదిలో ఒకరు మాత్రమే రాసిన విషయమిది. అయినా ఆ తర్వాత ఇద్దరూ నడిచిన తీరుకు ఇది విరుద్ధంగా లేదు.

పదిహేడున్నర లక్షల బాంబు

1962లో చైనా చేతిలో పరాజయం దేశ రక్షణ ఆలోచనలను కుదిపివేసింది. 1964 జనవరిలో ఉదయపూర్‌లో జరిగిన పగ్వాష్ శాస్త్రవేత్తల సమావేశంలో భాభా మొదటిసారి తన మనసులోని లెక్కను బయటపెట్టారు. తగినన్ని అణ్వస్త్రాలు గల దేశం తనకంటే ఎన్నో రెట్లు బలమైన శత్రువునైనా నిలువరించగలదని, సంప్రదాయ ఆయుధాలతో ఇది సాధ్యం కాదని ఆయన విశ్లేషించారు. జనబలం, సైనిక బలం రెండూ అధికంగా ఉన్న పొరుగుదేశం అణ్వస్త్రం సంపాదిస్తే, అవి లేని దేశానికి మిగిలే దారులు రెండే: తానూ సంపాదించడం, లేదా మరొకరి హామీపై ఆధారపడడం. ఆ పొరుగుదేశం పేరును విడిగా చెప్పవలసిన పని లేకపోయింది.

నెహ్రూ మే 27న మరణించారు. అక్టోబర్ 16న చైనా లాప్‌నార్ ఎడారిలో తొలి అణుపరీక్ష జరిపింది.

ఎనిమిది రోజుల తర్వాత, అక్టోబర్ 24న ఐక్యరాజ్య సమితి దినోత్సవం సందర్భంగా ఆకాశవాణిలో భాభా ప్రసంగించారు. ప్రసంగం ఉద్దేశం నిరాయుధీకరణ. దేశమంతటా చర్చనీయాంశమైనది మాత్రం ధరల పట్టిక. 10 కిలోటన్నుల విస్ఫోటనానికి రూ. 17.5 లక్షలు, 20 లక్షల టన్నుల శక్తిగల హైడ్రోజన్ బాంబుకు రూ. 30 లక్షలు ఖర్చవుతాయని ఆయన చెప్పారు. 50 అణుబాంబుల నిల్వకు రూ. 10 కోట్ల లోపు, 50 హైడ్రోజన్ బాంబులకు రూ. 15 కోట్ల మేరకు సరిపోతుందని లెక్క చెప్పారు. ప్రభుత్వం నిర్ణయిస్తే 18 నెలల్లో విస్ఫోటనం జరపగలమని కొద్దిరోజుల ముందే లండన్‌లో ప్రకటించి ఉన్నారు.

ఈ అంకెల వెనుక ఉన్నదేమిటో పరిశీలించాలి. కాలువలు తవ్వడానికి, కొండలు పిండిచేయడానికి అణు విస్ఫోటనాలను వినియోగించే పథకంలో భాగంగా అమెరికా అణుశక్తి సంఘం వెలువరించిన అంచనాలవి. రియాక్టర్లు, ప్లుటోనియం కర్మాగారాలు, పరీక్షా స్థలాలు అన్నీ ఎన్నడో సమకూరి ఉన్న దేశంలో అదనంగా ఒక్కో విస్ఫోటనానికి అయ్యే ఖర్చు అది. అసలు కర్మాగారాల ధర అందులో లేదు. బాంబును మోసుకెళ్లే విమానం, క్షిపణి, దాన్ని కాపాడే కట్టుదిట్టాలు, శత్రువు మొదట దెబ్బతీసినా బతికి బట్టకట్టే ఏర్పాట్లు లేవు. ఇంట్లో పొయ్యి, పాత్రలు, బియ్యం ఉన్నవాడు అన్నం వండడానికి కట్టెల ఖర్చు మాత్రమే చెప్పినట్లయింది. ట్రాంబే కర్మాగారం అప్పుడప్పుడే పని మొదలుపెట్టింది. వేరుచేసిన ప్లుటోనియం చేతిలో ఉన్నది అత్యల్పం. ఇవన్నీ భాభాకు తెలియనివి కావు.

తెలిసీ ఎందుకు చెప్పారన్నదానికి జవాబులు పలువిధాలు. తన సంస్థకు నిధులు, ప్రాముఖ్యం కోరుకున్నారని కొందరు అన్నారు. కొత్త ప్రధానమంత్రి మీద ప్రజాభిప్రాయం ద్వారా ఒత్తిడి తెచ్చారని మరికొందరు అన్నారు. నెహ్రూతో ఉన్న చనువు శాస్త్రితో లేదన్నది మాత్రం స్పష్టం. భౌతికశాస్త్రంలో దశాంశ స్థానం తప్పిపోనివ్వని మనిషి, జాతి భవిష్యత్తుకు సంబంధించిన అంకెలను వివరణ లేకుండా విడిచిపెట్టడం ఆయన జీవితంలో పెద్ద మచ్చ అనక తప్పదు.

చర్చ గుంటూరు చేరింది. 1964 నవంబర్ 7 నుంచి అక్కడ జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాల్లో బాంబు తయారు చేయాలని పలువురు సభ్యులు డిమాండ్ చేశారు. అన్నపూర్ణగా పేరొందిన ఆంధ్రప్రదేశ్‌లో ఆ సమావేశాలు జరిగాయి గాని, దేశంలో ఆ ఏడాది తిండిగింజల కొరత తీవ్రంగా ఉంది. గాంధేయవాది అయిన శాస్త్రి నైతిక కారణాలతో పాటు ఖర్చు విషయాన్నీ ముందుకు తెచ్చారు. ఒక్కో బాంబుకు లక్షలు కాదు, పదుల కోట్లు కావాలన్నారు. ప్రధానమంత్రి లెక్కకు, అణుశక్తి సంఘం అధ్యక్షుని లెక్కకు మధ్య ఇంత అంతరం ఉన్నా, ఏది సరైనదో తేల్చే స్వతంత్ర నిపుణుడెవరూ దేశంలో లేరు. నిపుణులంతా ఒకే శాఖలో, ఒకే గోప్యత చట్టం కింద ఉన్నారు. సాహా భయపడిన పరిస్థితి ఇటువంటిదే.

గుంటూరులో శాస్త్రి మాట నెగ్గింది. అయితే ఆ నెలలోనే లోక్‌సభలో ఆయన స్వరం కొంత మారింది. ప్రస్తుతానికి బాంబు వద్దన్నది విధానమేగాని అది శాశ్వతమని చెప్పలేమని, కొండలు తొలవడం వంటి శాంతియుత అవసరాలకు అణు విస్ఫోటనాలను భాభా పరిశీలిస్తున్నారని వెల్లడించారు. బాంబుకూ శాంతియుత విస్ఫోటనానికీ సాంకేతికంగా తేడా బహు స్వల్పం. ఆ చిన్న సందులోనే ప్రధానికీ శాస్త్రవేత్తకూ రాజీ కుదిరింది. 1965 తొలి నెలల్లో రాజా రామన్న నాయకత్వాన ఒక చిన్న బృందం భూగర్భ విస్ఫోటనానికి కావలసిన సైద్ధాంతిక అధ్యయనం మొదలుపెట్టింది.

మరోవైపు శాస్త్రి అణ్వస్త్ర దేశాల నుంచి రక్షణ హామీ కోసం ప్రయత్నించారు. 1964 డిసెంబర్‌లో లండన్ వెళ్లి బ్రిటిష్ ప్రధాని హెరాల్డ్ విల్సన్‌తో మాట్లాడారు. నమ్మదగిన హామీ ఎవరి నుంచీ రాలేదు. ఫిబ్రవరిలో వాషింగ్టన్ వెళ్లిన భాభా, చైనాకు దీటుగా భారత్ ఏదో ఒకటి చేసి చూపకపోతే ప్రతిష్ఠ దెబ్బతింటుందని అమెరికా అధికారులకు చెబుతూ, శాంతియుత విస్ఫోటనంలో వారి సహకారం లభిస్తుందేమోనని ఆరా తీశారు. అదీ ఫలించలేదు. సెప్టెంబర్‌లో పాకిస్థాన్‌తో యుద్ధం, దాని మధ్యలో చైనా హెచ్చరిక వచ్చాయి. ఎనభై మందికి పైగా పార్లమెంటు సభ్యులు బాంబు కావాలంటూ శాస్త్రికి లేఖ రాశారు. నాలుగు నెలల తర్వాత శాస్త్రీ లేరు, భాభా లేరు.

ఆ తర్వాత

మౌంట్ బ్లాంక్ ప్రమాదంపై అనేక ఊహాగానాలు సాగాయి. విదేశీ గూఢచారి సంస్థల హస్తం ఉందన్న ప్రచారం నేటికీ ఆగలేదు. దాన్ని రుజువు చేసే ఆధారం ఏదీ వెలుగు చూడలేదు. విమానం ఉన్న స్థానం గురించి జెనీవా నియంత్రణ కేంద్రం చెప్పిన మాటను పైలట్ పొరపాటుగా అర్థం చేసుకుని, శిఖరం దాటేశామన్న భ్రమలో కిందికి దిగాడని ఫ్రెంచి దర్యాప్తు తేల్చింది. విమానంలోని ఒక దిక్సూచక పరికరం అప్పటికే పనిచేయడం లేదు. 1950 నవంబర్‌లో ఎయిర్ ఇండియాకే చెందిన మలబార్ ప్రిన్సెస్ విమానం కూలిన ప్రదేశం కూడా ఆ దరిదాపుల్లోదే. 2012లో ఆ హిమానీనదం నుంచి భారత దౌత్య కార్యాలయ సంచి ఒకటి బయటపడింది.

భాభా స్థానంలో వచ్చిన విక్రమ్ సారాభాయ్ బాంబు వల్ల భద్రత సమకూరుతుందని నమ్మలేదు. విస్ఫోటన కృషిని ఆపించారు. ఒక అధ్యక్షుడు మొదలుపెట్టించిన పనిని మరో అధ్యక్షుడు ఆపించడం, రెండు సందర్భాల్లోనూ పార్లమెంటుకు ఆ వివరాలు తెలియకపోవడం గమనించదగినది. అయితే భాభా కూడగట్టిన మనుషులు ట్రాంబేలోనే ఉన్నారు. వారు కొద్దికాలానికే ఆ పనిని తిరిగి చేపట్టారు. 1968లో సిద్ధమైన అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంపై సంతకం చేయడానికి భారత్ నిరాకరించింది. పుష్కరం కిందట న్యూయార్క్‌లో భాభా వినిపించిన వాదనే దానికి ఆధారమైంది.

1974 మే 18న రాజస్థాన్‌లోని పోఖ్రాన్‌లో జరిగిన విస్ఫోటనానికి వాడిన ప్లుటోనియం సైరస్‌లో తయారైనదే. దానిని శాంతియుత విస్ఫోటనంగా ప్రభుత్వం వర్ణించింది. 1964లో శాస్త్రి, భాభాల మధ్య రాజీకి ఉపకరించిన పదం పదేళ్లకు మళ్లీ అక్కరకు వచ్చింది. కెనడా అణు సహకారాన్ని నిలిపివేసింది. భాభా 18 నెలలని చెప్పిన పనికి, మధ్యలో ఆగినా సాగినా, దాదాపు పదేళ్లు పట్టింది. 1998 మేలో పోఖ్రాన్‌లో మరో ఐదు పరీక్షలు జరిపాక భారత్ తనను అణ్వస్త్ర దేశంగా ప్రకటించుకున్నది. అదే నెలలో పాకిస్థాన్ కూడా పరీక్షలు జరిపింది. మొదటగా ప్రయోగించబోమన్న విధానాన్ని 2003 జనవరిలో భారత ప్రభుత్వం లాంఛనంగా ప్రకటించింది.

అమెరికాతో అణు ఒప్పందంలో భాగంగా పౌర, సైనిక అణు కేంద్రాలను విడదీసి చూపవలసి వచ్చినప్పుడు, 1948లో నెహ్రూ గీయలేనన్న గీతను ప్రభుత్వం కాగితంపై గీసింది. సైరస్‌ను విదేశీ తనిఖీకి అప్పగించడానికి ఇష్టపడక, దాన్ని మూసివేస్తామని 2006లో అంగీకరించింది. అర్ధ శతాబ్దం పనిచేసిన ఆ రియాక్టర్‌ను 2010 డిసెంబర్ 31న శాశ్వతంగా నిలిపివేశారు. ఒక్క విదేశీ తనిఖీదారు కూడా అందులో అడుగుపెట్టలేదు.